మెడల్ అంచు మీద పేరు

  పోస్టు పొడుగ్గా ఉంది. తీరిగ్గా చదవండి. చదివినాక ఇంట్లో పెద్దోళ్లకు కూడా చదివి వినిపించండి. చివర్లో మనందరికీ ఒక పని ఉంది.

ఏటా ఏప్రిల్ 25న ఆస్ట్రేలియాలో తెల్లారకముందే జనం యుద్ధ స్మారకాల దగ్గర చేరతారు. 1915లో అదే రోజు వాళ్ల సైనికులు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగారు. ఆ రోజును యాంజాక్ డే అంటారు. తాతల మెడల్స్ పెట్టుకొని మనవళ్లు, మునిమనవరాళ్లు వీధుల్లో నడుస్తారు. తాను సంపాదించుకున్న మెడల్ అయితే ఎడమ ఛాతీకి, పెద్దోళ్లదైతే కుడి ఛాతీకి. కొందరి చేతుల్లో పాత ఫొటోలు కూడా ఉంటాయి.

నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు ఆ దేశంతో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. ఆ దేశపు ఆదివాసులు, అంటే అబోరిజినల్ ప్రజలు, టోరెస్ జలసంధి దీవుల వాళ్లు, అవే యుద్ధాల్లో పోరాడారు. తర్వాత చాలా ఏళ్లు ఆ జ్ఞాపకంలో వాళ్లకు చోటు లేదు. ఆ చోటు వాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వలేదు. ఇంట్లో దాచుకున్న ఫొటోలు, మెడల్స్ బయటికి తీసి, పేర్లు చదివి, వాళ్లే అడిగి తెచ్చుకున్నారు.

మేము చెప్పదలచుకున్నది ఇదీ. మన తండాల్లో, గూడేల్లో యూనిఫాం వేసుకున్న వాళ్ల ఫొటోలు, మెడల్స్ ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. అవి మన పేర్లకు సాక్ష్యం. అవి పోకముందే మనమే చూసి, చదివి, రాసిపెట్టుకోవాలి. అయితే యూనిఫాం వేసుకున్నందుకే మన వాళ్లు గొప్పోళ్లయ్యారని మాత్రం అనుకోకూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి.

ముందు ఫొటోల సంగతి. మన పూర్వీకుల పాత ఫొటోలు యాడ ఉన్నాయని వెతికితే మొదట దొరికేవి మన ఇళ్లల్లో ఉండవు, పుస్తకాల్లో ఉంటాయి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. చెంచులు, లంబాడీలు, యానాదులు, ఎరుకలవాళ్లు అందరూ అందులో ఉన్నారు. ఆయన మనుషుల తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు, ఫొటోలు తీయించాడు. చాలా ఫొటోల కింద తెగ పేరే ఉంటది గాని మనిషి పేరు ఉండదు. 1940లో హైమెన్‌డార్ఫ్ కృష్ణకు అవతల అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి పనిచేశాడు, 1943లో పుస్తకం వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయ సంస్థలో ఉన్నాయి. అవి పనికిరానివని మేము అనడం లేదు. అప్పటి గుడిసె, విల్లు, ఈత బుట్ట చూడాలంటే ఈరోజు మనకు అవే దిక్కు. కాని ఆ ఫొటోలో ఉన్నోళ్ల పిల్లల చేతికి ఒక కాపీ అన్నా అందాలి కదా.

ఇంకొక లెక్క కూడా ఉంది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 సవరణ తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమల్లోకి వచ్చింది. ఎరుకలవాళ్లు, సుగాలీల్లో కొన్ని గుంపులు, ఇంకా చాలామంది సంచార జనం ఆ జాబితాల్లోకెక్కారు. రిజిస్టరులో పేరు పడ్డ మనిషి వేలిముద్ర ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. అక్కడ పేరు రాసుకున్నారు, కాదనం. కాని అది దొంగ అనుకొని రాసుకున్న పేరు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. ఆ రోజునే విముక్తి దినం అని మనం జరుపుకుంటున్నాం.

ఇప్పుడు ఇంకో రకం ఫొటో తీసుకోండి. పట్టాళంలో చేరిన కుర్రాడు మొదటి జీతం రాగానే స్టూడియోకు పోతాడు. టోపీ సర్దుకుంటాడు, బెల్టు బిగించుకుంటాడు, ఛాతీ పొంగించి నిలబడతాడు. వెనకాల ఊరు, తేదీ రాసి జాబుతో పాటు ఇంటికి పంపిస్తాడు. పుస్తకంలో ఫొటోకు మనిషిని నిలబెట్టారు. ఈ ఫొటోకు తనే నిలబడ్డాడు, డబ్బు తనే ఇచ్చుకున్నాడు, ఎవరికి పంపాలో తనే అనుకున్నాడు. ఆ తేడా చిన్నది కాదు.

ఈ రెండు రకాల ఫొటోలూ ఒక్క మనిషి జీవితంలోనే ఉన్నాయి. ఆయన పేరు డగ్లస్ గ్రాంట్. ఉత్తర క్వీన్స్‌లాండ్ అడవుల్లో 1880లలో పుట్టిన ఆదివాసీ బిడ్డ. పసివాడుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులు హత్యకు గురయ్యారు. మ్యూజియం కోసం జంతువుల నమూనాలు సేకరించడానికి వచ్చిన ఒక స్కాట్లాండ్ కుటుంబం ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్లి పెంచింది. బాగా చదివాడు, బొమ్మలు గీసేవాడు. 1916లో సైన్యంలో చేరాడు. ఓడ ఎక్కే సమయానికి అబోరిజినల్ మనిషి ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటరాదని చెప్పి ఆపేశారు. ఆయన ఊరుకోలేదు, మళ్లీ చేరాడు. 13వ బెటాలియన్‌తో ఫ్రాన్స్ వెళ్లాడు. 1917 ఏప్రిల్‌లో బుల్‌కూర్ యుద్ధంలో జర్మన్లకు చిక్కాడు.

జర్మనీ ఖైదీల శిబిరంలో ఏం జరిగిందో చూడండి. అక్కడి డాక్టర్లు, మానవశాస్త్రవేత్తలు ఆయన్ను వింత జంతువును చూసినట్టు చూశారు, పరిశీలించారు. ఒక శిల్పి ఆయన తలను బొమ్మగా చేశాడు. మన థర్‌స్టన్ చేసిన పనే అక్కడా జరిగింది. కాని అదే చోట ఆయన ఇంకో పని కూడా చేశాడు. ఖైదీలకు బయటి నుంచి వచ్చే సహాయ పార్శిళ్లను పంచే బాధ్యత ఆయన చేతిలో ఉండేది. ఆయన నిజాయితీని నమ్మి తోటి ఖైదీలు అప్పగించిన పని అది. ఆ ఖైదీల్లో భారత సైనికులు కూడా ఉన్నారు. శాస్త్రవేత్తకు ఆయన ఒక నమూనా. ఆకలితో ఉన్న మన దేశపు సిపాయికి రొట్టె పంచిన మనిషి. యూనిఫాంలో ఉన్న ఆయన ఫొటోలు ఈరోజు ఆస్ట్రేలియాలో పేరుతో సహా ఉన్నాయి. నమూనాల జాబితాలో కలిసిపోవాల్సిన మనిషిని ఆ పేరే మనదాకా తెచ్చింది.

ఇక మెడల్ సంగతి. చాలామంది మెడల్‌ను ముందు వైపు చూస్తారు, రాజు తలో, సింహాల గుర్తో చూసి పక్కన పెడతారు. చూడాల్సింది అంచు. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన సొంత సైనికులకు పేరు లేని మెడల్సే ఇచ్చింది. ఆస్ట్రేలియా, ఇండియా సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం పేర్లు ఉంటాయి. స్వతంత్రం వచ్చాక మన దేశం ఇచ్చిన మెడల్స్ అంచు మీద కూడా నంబరు, హోదా, పేరు ఉంటాయి. 1971 యుద్ధంలో పనిచేసిన వాళ్లకు సంగ్రామ్ మెడల్, తూర్పు వైపు పోరాడిన వాళ్లకు పూర్వీ స్టార్, పడమటి వైపు వాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. 1972లో స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా ఇంకో మెడల్ ఇచ్చారు. మీ జేజినాయన పెట్టెలో రెండు మూడు బిళ్ళలు ఉంటే ఇవే అయి ఉండొచ్చు.

సుగాలీ ఇళ్లల్లో ఒక జాగ్రత్త. అంచు మీద నాయక్ అని కనిపిస్తే అది ఇంటి పేరులా వచ్చే నాయక్ కాకపోవచ్చు. సైన్యంలో నాయక్ ఒక హోదా, సిపాయి కంటే పైది. పేరుకు ముందు ఉందా, వెనక ఉందా చూసుకోండి. ముందు ఉంటే హోదా, వెనక ఉంటే పేరు. రెండు చోట్లా ఉంటే ఆయన రెండు విధాలా నాయకుడే.

ఇంకో మాట. పాత వెండి మెడల్స్‌కు వెండి రేటు పెద్ద శత్రువు. మన అవ్వల కంచెళ్ల మీద రాజు తల ఉన్న పాత రూపాయి బిళ్ళలు కుట్టి ఉండేవి కదా, అదే రాజు తల, అలాంటి వెండే మెడల్ మీద కూడా ఉంటది. కష్టం వచ్చినప్పుడు రూపాయి బిళ్ళలు అంగడికి పోయినట్టే ఇవీ పోతాయి. అమ్ముకున్న వాళ్లను తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఇంట్లో బియ్యం లేనప్పుడు బిళ్ళ ఎవరికి కావాలి? కాని అమ్మేముందు అంచు మీది పేరు చదివి రాసుకుంటే, వెండి పోయినా పేరు మిగులుతది.

ఇక్కడ ఒక ఫొటో గురించి చెప్పాలి. 1944 నవంబరు, ఆస్ట్రేలియాలోని సీమోర్ సైనిక శిక్షణ కేంద్రం. అప్పుడే ఆఫీసర్లయిన ఇద్దరు ఒకరినొకరు అభినందించుకుంటున్నారు. ఒకాయన టామ్ డెరిక్, ఆ దేశపు అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన తెల్లవాడు. రెండో ఆయన రెగ్ సాండర్స్, ఆస్ట్రేలియా సైన్యంలో ఆఫీసర్లయిన తొలి అబోరిజినల్ మనుషుల్లో ఒకరు. ఉత్తర ఆఫ్రికా, గ్రీస్, క్రీట్, న్యూగినీ అన్నీ చూసి వచ్చాడు. తర్వాత కొరియా యుద్ధంలో ఒక కంపెనీని నడిపించాడు. ఆయనకు రెజినాల్డ్ అనే పేరు వచ్చింది 1918లో ఫ్రాన్స్‌లో చనిపోయిన మేనమామ నుంచి. ఆ మామకు మిలిటరీ మెడల్ వచ్చింది. మామ మెడల్ చూసి మేనల్లుడు పెరిగాడు, మేనల్లుడి ఫొటో చూసి ఒక జాతి పిల్లలు పెరిగారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది అందమైన కథ. కాని మిగతాది కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే.

యూరప్ సంతతి కాని వాళ్లను సైన్యంలో తీసుకోకూడదన్నది మొదటి యుద్ధం నాటి నియమం. ఆ నియమాన్ని దాటుకొని, కొందరు తమ పుట్టుక దాచిపెట్టి, వెయ్యికి పైగా అబోరిజినల్ యువకులు చేరారు. మనుషులు చాలక 1917లో నియమం కొంచెం సడలించారు, అదీ తల్లిదండ్రుల్లో ఒకరు తెల్లవాళ్లైతేనే. విక్టోరియా రాష్ట్రంలో లేక్ కోండా అనే చోట లోవెట్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి నుంచి ఐదుగురు అన్నదమ్ములు మొదటి యుద్ధానికి పోయారు, ఐదుగురూ బతికి వచ్చారు. వాళ్లలో నలుగురు రెండో యుద్ధంలో మళ్లీ చేరారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు ప్రభుత్వం భూములిచ్చే పథకం పెట్టింది. హెర్బర్ట్ లోవెట్ దరఖాస్తు పెడితే ఇవ్వలేదు. లేక్ కోండాలో వాళ్ల సొంత జనం ఉన్న రిజర్వు భూమినే ముక్కలు చేసి తెల్ల సైనికులకు పంచారు. ఒక ఇంటి కొడుకులు దేశం కోసం పోయి వచ్చేసరికి ఆ దేశం వాళ్ల నేలనే ఇంకొకరికి రాసిచ్చింది.

టోరెస్ జలసంధి దీవుల నుంచి రెండో యుద్ధంలో దాదాపు ఈడొచ్చిన మగవాళ్లంతా చేరి ఒక బెటాలియన్ అయ్యారు. వాళ్లకు తెల్ల సైనికుడి జీతంలో మూడో వంతు ఇచ్చారు. 1943 చివర్లో వాళ్లు పని ఆపి అడిగితే మూడింట రెండు వంతులకు పెంచారు. మిగతా బకాయి ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 1980లలో. అప్పటికి ఎంతమంది బతికుంటారో మీరే లెక్క వేసుకోండి.

ఓటు సంగతి ఇంకా ముఖ్యం. 1949లో ఆస్ట్రేలియా కేంద్ర ఎన్నికల్లో సైన్యంలో పనిచేసిన అబోరిజినల్ వాళ్లకు ఓటు హక్కు ఇచ్చారు. మిగతా వాళ్లందరికీ వచ్చింది 1962లో. మధ్యలో 13 ఏళ్లు. యూనిఫాం వేసుకున్నోడు మనిషి, వాడి అమ్మ కాదు, చెల్లెలు కాదు, అడవిలో తేనె తీసే అన్న కాదు అన్నట్టు.

ఈ ఉచ్చులో మనం పడకూడదని మా అభిప్రాయం. మన వాళ్లూ సైన్యంలో పనిచేశారు కాబట్టి మమ్మల్ని గౌరవించండి అని మనం అడగడం మొదలుపెడితే, సైన్యానికి పోని వాడికి గౌరవం అక్కర్లేదని మనమే ఒప్పుకున్నట్టు. మన హక్కులు తాత మెడల్ నుంచి రాలేదు. ఈ దేశంలో పుట్టినందుకు వచ్చాయి, రాజ్యాంగం రాసినందుకు వచ్చాయి. మరి మెడల్ ఎందుకు? అది రశీదు లాంటిది. ఇచ్చింది ఎవరో, ఎంత ఇచ్చారో అందులో రాసి ఉంటది. మీరెప్పుడు ఏం చేశారని రేపు ఎవరన్నా అడిగితే చూపించడానికి చేతిలో ఒక కాగితమన్నా ఉండాలి.

ఆ రశీదు లేని సేవ కూడా మనది చాలా ఉంది. రైళ్లు, లారీలు రాకముందు దక్కనులో సైన్యాలకు ధాన్యం మోసింది మన బంజారాల ఎద్దుల మందలే. మొఘలుల సైన్యానికి మోశారు, నిజాం సైన్యానికి మోశారు, 1791-92లో టిప్పు మీదికి కార్న్‌వాలిస్ పోయినప్పుడు మోశారు. వాళ్లు రాకపోతే దండు ఆకలికి చచ్చేది. ఆ ఎద్దులు తోలినోళ్లకు మెడల్ లేదు, ఫొటో లేదు, పేరు లేదు. ధాన్యం లెక్క మాత్రం ఉంది. మన తండాలు ఈ నేలన నిలబడటం వెనక ఆ దారుల చరిత్ర ఉంది.

మెడల్ ఇచ్చేవాళ్లకు ఎదురు తిరిగిన వాళ్ల సంగతి సరేసరి. మన పక్కనే కోయిలకుంట్ల. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. ఆయన పేరు పాటల్లో నిలిచింది, విగ్రహాల్లో నిలిచింది. ఆయన వెంట నల్లమలలోకి పోయిన మామూలు మనుషుల పేర్లలో ఎన్ని మనకు తెలుసు? మన్యంలో 1922-24 పోరాటంలో అల్లూరితో పాటు గాం గంటందొర, గాం మల్లుదొర నిలబడ్డారు. వాళ్లను అణచడానికి మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దించారు. యూనిఫాం మన వైపే ఎప్పుడూ ఉండలేదు, మన మీదికీ వచ్చింది.

ఆస్ట్రేలియాలో ఇదే వాదన ఏళ్ల తరబడి నడిచింది. తెల్లవాళ్లు వచ్చి భూములు ఆక్రమించినప్పుడు ఆదివాసులు ఎదురు నిలిచి పోరాడారు, వేలమంది చనిపోయారు. వాటిని సరిహద్దు యుద్ధాలు అంటారు. కాన్‌బెర్రాలోని జాతీయ యుద్ధ స్మారకం చాలా కాలం అది తన పరిధిలోకి రాదని చెప్పింది. 2022లో ఆ హింసను ఇంకా విస్తారంగా చూపిస్తామని ప్రకటించింది. అక్కడి ఆదివాసులు తాతల మెడల్స్ పెట్టుకొని నడుస్తూనే, మా నేల కోసం చనిపోయిన వాళ్ల పేర్లు యాడ అని కూడా అడిగారు. మెడల్ వాళ్ల నోరు మూయలేదు. అదే మనం నేర్చుకోవాల్సింది.

ఆ మెడల్స్, ఫొటోలు బయటికి ఎలా వచ్చాయి అన్నది కూడా చెప్పుకుందాం, మనకు పనికొస్తది. ఫ్రాన్స్‌లో వీన్యాకూర్ అనే పల్లెలో లూయీ, ఆంత్వానెత్ అనే భార్యాభర్తలు మొదటి యుద్ధంలో సైనికులకు ఫొటోలు తీసి అమ్ముకునేవాళ్లు. ఆ గాజు పలకలు వేల సంఖ్యలో అటక మీద పడి ఉండగా 2011లో దొరికాయి. అందులో మొహాలున్నాయి, పేర్లు లేవు. వాటిని జనం ముందు పెడితే, ఈయన మా తాత అని ఇళ్ల నుంచి మాటలొచ్చాయి. ఇంట్లో ఉన్న ఇంకో ఫొటోతో పోల్చి చూసి గుర్తుపట్టారు. మ్యూజియం చేయలేని పని ఇంటి మనుషులు చేశారు. లోవెట్ కుటుంబం పేరు 2000లో కాన్‌బెర్రాలో ఒక పెద్ద భవనానికి పెట్టారు. అప్పట్లో అందులో ఉన్న శాఖ ఏదో తెలుసా? మాజీ సైనికుల శాఖ.

మన తెలుగు నేల మీద కూడా లెక్క పెట్టుకున్న ఊరు ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి అంతకంటే చాలా ఎక్కువమంది పోయారని ఆ ఊరి లెక్క. ఊర్లో స్మారకం కట్టుకున్నారు, పిల్లలకు చెప్పుకుంటారు. అందుకే ఆ ఊరి పేరు పేపర్లలో వస్తది. మన నంద్యాల జిల్లా తండాల నుంచి, ఆళ్లగడ్డ, అహోబిలం వైపు గూడేల నుంచి, ఎరుకల వీధుల నుంచి ఎంతమంది పోయారో ఎవరి దగ్గరన్నా జాబితా ఉందా? ఆర్మీ ఒక్కటే కాదు, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, రైల్వే రక్షణ దళం, పోలీసు అన్నీ కలిపి అడుగుతున్నాం. ఊర్లో మిలిట్రీ తాత అని పిలుస్తాం గాని, ఏ దళం, ఏ యుద్ధం, అసలు పేరు ఏంది అని అడిగితే తడుముకుంటాం. ఆయన పోతే ఆ జవాబు కూడా ఆయనతోనే పోతది.

కాబట్టి పని ఇది. ఒక్కొక్కరు ఒక్క ఇల్లు తీసుకోండి, మీ ఇంటితోనే మొదలుపెట్టండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫొటోను ముందూ వెనకా ఫోన్‌తో తీయండి. వెనకాల రాసింది చాలాసార్లు ముందున్న మొహం కంటే ఎక్కువ చెప్తది. మెడల్‌ను చింతపండుతోనో బూడిదతోనో తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి. అంచు చుట్టూ తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీయండి. రిబ్బను రంగులు కూడా రాసుకోండి, మెడల్ పోయి రిబ్బను మిగిలినా దాన్నిబట్టి ఏ మెడలో తెలుస్తది. డిశ్చార్జి బుక్ ఉంటే అన్ని పేజీలూ తీయండి. అది లేకపోతే నంబరు, దళం పట్టుకొని రికార్డ్స్ ఆఫీసుకు రాయొచ్చు. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్ గ్రూపుకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్, ఈఎంఈకీ ఆర్డినెన్స్‌కూ సికింద్రాబాద్. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, అది మాజీ సైనికుల కోసం, వాళ్ల భార్యల కోసం ఉన్న ఆఫీసే. వెతుకులాటలో రావాల్సిన పింఛను, సాయం ఏదన్నా ఆగిపోయి ఉందని తెలిస్తే, ముందు ఆ పని చూడండి. జ్ఞాపకం తర్వాత.

ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా అడగండి. ఆయన సరిహద్దులో ఉన్నప్పుడు చేను ఎవరు చూశారు, మనీ ఆర్డరు ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు, జాబు చదివి పెట్టింది ఎవరు? మెడల్ మీద ఆమె పేరు ఉండదు. మన నోటుబుక్కులో ఉండాలి.

కొన్ని అభ్యంతరాలు వస్తాయని మాకు తెలుసు. యుద్ధాన్ని పొగడటం ఎందుకు అని కొందరంటారు. పొగడమని మేము అనడం లేదు. చాలామంది మన వాళ్లు భూమి లేక, పని లేక, నెల జీతం కోసం పోయారు. అది దాచాల్సిన పని లేదు, అలాగే రాయండి. భయపడ్డానని తాత చెప్తే భయపడ్డాడనే రాయండి. మళ్లీ ఇంకొందరు, ఇవి మా ఇంటి వస్తువులు, గ్రూపులో ఎందుకు పెట్టాలి అంటారు. అది కూడా న్యాయమే. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే పెట్టండి. సర్వీసు నంబరు, పింఛను కాగితం, ఆధార్, ఫోన్ నంబరు లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ గ్రూపులో పెట్టకండి, మోసగాళ్లు కాచుకొని ఉన్నారు. అసలు మెడల్ ఎవరికీ ఇవ్వకండి, మాకు కూడా ఇవ్వకండి. మనకు కావాల్సింది పేరు, వస్తువు ఇంట్లోనే ఉండాలి.

మేము రెండు నోటుబుక్కులు మొదలుపెడుతున్నాం. ఒకటి యూనిఫాం వేసుకున్న వాళ్లది. రెండోది ఏ మెడలూ లేకుండా మన నేల కోసం, అడవి కోసం, బడి కోసం నిలబడ్డ వాళ్లది. మొదటి దాంట్లో రాసిన ప్రతి ఇంట్లో రెండో దానికి కూడా ఒక పేరు అడిగి రాయాలి. ఒకదాన్ని నింపి ఇంకోదాన్ని ఖాళీగా ఉంచితే మన పని సగమే అయినట్టు. రెండూ ఒక పద్ధతికి వచ్చినాక, ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే శిల్పులు మనకు దూరం కాదు. దేశమంతటికీ దేవుళ్లను చెక్కి పంపే చేతులవి. మన పేర్లు రెండు రాళ్ల మీద, ఒకే ఎత్తులో చెక్కించుకోవడానికి అందరం తలా కొంచెం వేసుకుందాం.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఆ రోజుకు మొదటి జాబితా తయారు కావాలి. ఆ పై ఏడు ఆగస్టు 31, విముక్తి దినం నాటికి రెండోది. ఈ పోస్టు కింద మీ తండా పేరు గాని, గూడెం పేరు గాని రాయండి. ఆ ఊరి బాధ్యత మీదే. ఎవరూ పేరు రాయని ఊరు ఉంటే, వచ్చే ఆదివారం మాలో ఇద్దరం ఆ ఊరికి వస్తాం.